తిరిగివ్వాల్సిన డబ్బా

సియోల్‌లో చలి ముదిరింది. రిటైరయ్యాక పలకరించే దిక్కులేక సైకాలజిస్టు దగ్గరికి వస్తున్న మాజీ కంపెనీ డైరెక్టర్ ప్యో, ఒళ్లో ఖాళీ కిమ్చీ పచ్చడి డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు.

"నలుగురిలో కలవమని మీరన్నారని మా అపార్ట్‌మెంటులో అందరూ కలిసి కిమ్చీ పెడుతుంటే వెళ్లాను, డాక్టరు గారూ. నాలుగో అంతస్తు అవ్వ అందరి ముందూ నన్ను కడిగేసింది. ‘క్యాబేజీకి ఇంత ఉప్పా? నిన్ను డైరెక్టర్ని చేసిందెవరయ్యా?’ అని."

"కోపం వచ్చిందా?"

"రాదా మరి? అయినా మర్నాడు మళ్లీ వెళ్లాను. ఎందుకెళ్లానో నాకే తెలీదు."

"వాళ్లేమన్నారు?"

"ఆలస్యమైందని మళ్లీ తిట్టారు. సాయంత్రం అందరితో పాటు నాకూ ఓ డబ్బా నింపి, మూత మీద ‘ఉప్పాయన’ అని రాసిచ్చారు. ఇది వెక్కిరింపా, అభిమానమా? నాకేం అంతుపట్టట్లేదు."

"ఇప్పుడేం చేద్దామని?"

"డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. రిబ్బను కట్టిన ఖరీదైన పళ్ల పెట్టె పంపిద్దామనుకుంటున్నాను."

"అది చూస్తే అవ్వ మిమ్మల్ని ఏమని పిలుస్తుంది?"

"‘డైరెక్టరు గారూ’ అనే పిలుస్తుంది."

ఆ మాట తన నోటితోనే అన్నాక, అతను ఒళ్లోని డబ్బా వైపు చూశాడు. మూత మీది అక్షరాలను బొటనవేలితో తడిమాడు.

"ఇంట్లో చిలగడదుంపలున్నాయి, డాక్టరు గారూ, ఈ డబ్బాకి సరిపోతాయి. అవి ఎంతసేపు ఉడకాలో మీకేమైనా తెలుసా?"