నలుపు లోపలి నీలం

“అమ్మమ్మా, హన్మకొండ హాల్‌ల ఉన్న ఆ నల్ల బొమ్మ ముచ్చట చెప్పవా?”

చెప్త, కూసో. జర ఆ ఫ్యాన్ తగ్గియ్యి, నా మాట నాకే ఇనవడ్తలేదు.

మీ తాత కొత్తవాడ మగ్గాల మీద నేసె జంపఖానాలకు డిజైన్లు గీసెటోడు. నేను నూలుకు రంగులేసెదాన్ని. మా పక్కింట్ల ప్రభుదాస్ సార్, బడిల డ్రాయింగ్ చెప్పెటోడు. ఆ ఇద్దరు కలిస్తె అన్నం యాదికుండది. ఒకనాడు నన్ను గూడ హన్మకొండ తోలుకపోయిండ్రు, ఆ హాల్‌ల బొమ్మల ఎగ్జిబిషన్ అని. చాయ్ అప్పుడు పావలా... కాదు, అర్ధ రూపాయి అయ్యింది అప్పటికే. ఏదో ఒకటి తియ్.

గోడంత బొమ్మ. మొత్తం నలుపే. నడిమిట్ల సన్నగ ఎర్ర గీత. మనిషి లేడు, చెట్టు లేదు.

“దూరంకెల్లి, కండ్లు సగం మూసి చూడాలె. జంపఖానాను గట్లనే చూస్తం,” అని మీ తాత. “కాదన్నా, అంచులు కనవడనంత దగ్గరికి పోవాలె,” అని సార్. ఇగ గొడవే. వాచ్‌మన్ వచ్చి మెల్లగ మాట్లాడుండ్రి అన్నడు.

నేను చదివింది రెండో తరగతి, నాకేం తెలుసు? కాని చూడంగ చూడంగ నోట్లకెల్లి వచ్చింది. “అది ఉత్త నలుపు కాదు. కింద నీలం ఉన్నది. నీలంల ముంచిన నూలును మల్ల ఎరుపుల ముంచితె గిట్లనే అయితది.”

సార్ దగ్గరికి పోయి చాలసేపు చూసిండు. “అక్కా, ఇన్నేండ్లు బొమ్మలు చెప్పిన, నాకిది కనవడలె,” అన్నడు. మీ తాత మాత్రం బస్సుల నా చేతులే చూసుకుంట కూసున్నడు. రంగు మరకల చేతులు. నాకు సిగ్గయ్యింది.

ఆ బొమ్మను హాల్ వాళ్లే ఉంచుకున్నరు. ఏడాదికోసారి ముగ్గురం పోయెటోళ్లం, కొట్లాడుకునెటోళ్లం. మొదలు సార్ పోయిండు. తర్వాత మీ తాత.

కండ్ల ఆపరేషన్ అయినంక మొన్న పోయిన, ఆటోల, ఒక్కదాన్నే. కిటికీ ఎండ బొమ్మ మీద పడ్తాంది. ఎర్ర గీత పక్కపొంటి సన్నగ ఆకుపచ్చ కనవడ్డది. పచ్చ! ఇన్నేండ్లు ముగ్గురం చూడనేలేదు. “చూసినవా?” అన్న, పక్కకు తిరిగి.

ఎవ్వలు లేరు.

ఇంటికొచ్చి మీ అమ్మకు చెప్పిన. “మంచిదే తియ్ అవ్వా, అన్నం తిన్నవా?” అన్నది. ఆమె తప్పేం లేదు, పాపం. పనుల ఉన్నది.

నువ్వు బొమ్మలేస్తవు గదా బిడ్డా. మంచిగెయ్యి. నీ పక్కన నిలబడి, గట్ల కాదు గిట్ల అని నీతోని కొట్లాడెటోళ్లు నీకు నూరేండ్లు ఉండాలె, తల్లీ...