హరికిషన్ వెనకాల నవలా రచయిత

కొన్నాళ్ళుగా ఎటు పోతే అటు తన వెనకే వస్తున్న మనిషిని ఆ ఉదయం తిరుమలగిరి పార్కులో పట్టుకుని, హరికిషన్ బెంచీ మీద కూర్చోబెట్టాడు.

“ఇప్పుడు చెప్పు. ఎవరు పంపిన్రు నిన్ను? మా ఇంటామెనా?”

“ఎవరూ పంపలేదండీ. నా పేరు జయకృష్ణ. రచయితని.”

“ఏం రచయిత?”

“నవలలు రాస్తానండీ. రెండొచ్చాయి.”

“పేర్లు చెప్పు.”

“చెప్పినా మీకు తెలీదండీ. మా బావమరిదే చదవలేదు. రెండోది వాడికే అంకితమిచ్చాను.”

“మరి నా ఎనకెందుకు పడ్డవ్? నేనేమన్న హీరోనా?”

“కాదనేనండీ. నా పుస్తకాలు చదివిన ఒకే ఒక్కాయన, వీటిలో మనిషన్నవాడే లేడయ్యా అన్నారు. అందుకని ఈసారి పరిశోధన చేసి రాద్దామని... మోండా మార్కెట్‌లో మీరు వంకాయలు ఏరుతున్నారు. ఏరి ఏరి, కొనకుండా వెళ్ళిపోయారు. ఇందులో ఏదో కథ ఉందనిపించింది.”

“పుచ్చులున్నయ్. కొనలే.”

“అలాగాండీ. నేను దాని మీద ఒక అధ్యాయం రాశాను.”

“వంకాయల మీద?”

“మీరు చిన్నప్పుడు ప్రేమించిన అమ్మాయికి వంకాయంటే—”

“జెర ఆపు.”

“ఆపానండీ.”

“పరేషాన్ చేసినవ్ గద భాయ్. బస్సుల నువ్వే, లైబ్రరీల నువ్వే, స్టేషన్‌ల కూసుంటే ఆడ సుత నువ్వే. ఇంట్ల తెల్సిందేమో, నా ఎనక మనిషిని పెట్టిన్రేమో అని నాకు తిండి సుత పోతలేదు.”

“కనబడకూడదని గొడుగు అడ్డం పెట్టుకున్నానండీ.”

“లైబ్రరీల గొడుగు పట్టుకుంటే కనబడవా?”

“అది నాకు తట్టలేదు. ఇంట్లో ఏం తెలియాలండీ?”

“ఏం లేదు.”

“కాదండీ, టిఫిన్ బాక్సుతో బయల్దేరతారు. మెడలో ఐడీ కార్డు. సందు మలుపు తిరగ్గానే అది తీసి జేబులో పెడతారు. మరి ఆఫీసుకైతే—”

“ఏం లేదంటున్న గద.”

“సరేనండీ.”

“అది సుత రాసినవా?”

“రాశాను. మీరు మారువేషంలో ఉన్న పోలీసని.”

“పోలీసు.”

“రెండో అధ్యాయం.”

“నన్ను చూస్తే గట్ల అనిపిస్తున్నదా నీకు? నౌకరి పోయింది భాయ్. ఎండాకాలం షురూ కాంగనే మనుషుల తగ్గించిన్రు. అండ్ల నేనొకణ్ణి. ఇయ్యాల చెప్తా, రేపు చెప్తా అనుకుంట లేస్త. పొద్దుగాల మా ఇంటామె స్వర్ణలత బాక్సు గట్టి చేతిల పెడ్తది. ఇగ నోరొస్తలేదు.”

“పెన్ను జేబులో పెట్టేస్తానండీ.”

“ఏంది, జేబుల పెడ్తవా? రాస్కో.”

“వద్దులెండి.”

“ఎందుకు, వంకాయలంత మంచిగ లేదా?”

“అది కాదండీ.”

“రాయి. నేనే చెప్తున్న గద. రాసి నాకు చూపెట్టు. ఆఖర్ల నీ కథల వాడు ఇంట్ల ఎట్ల చెప్తడో జెర తెల్సుకుంట. నాకైతే తోస్తలేదు.”

“నాకూ తోచడం లేదండీ.”

“రైటర్‌వి గద.”

“సరిగ్గా అక్కడే ఆగిపోయాను.”

“మంచిగుంది. అవ్ గని, నేను ఇల్లు దాటినప్పటి సంది పొద్దుగూకేదాక నా ఎనకనే ఉంటివి. నీకేం పని లేదా? ఆఫీసు గిట్ల?”

“ఉండేదండీ.”

“ఉండేదా?”

“మా ఆవిడ ఝాన్సీకి ఇంకా ఉన్నట్టే లెక్క. రోజూ సంచీ తగిలించుకుని బయటికైతే వస్తాను గానీ, సాయంత్రం దాకా ఎటు పోవాలో తెలిసేది కాదు. ఆ రోజు మార్కెట్‌లో మిమ్మల్ని చూస్తే మీకు తెలుసనిపించింది. వెనకే వచ్చేశాను.”