అందరూ ఓడిపోయిన ఎన్నిక

మా బజారు సంఘానికి అధ్యక్షుడు లేడు, కాబట్టి మురుగు కాలవలో పూడిక తీయించే దిక్కూ లేదు. వాన పడితే ఆ నీళ్లు నేరుగా అక్క టీ కొట్లోకి వస్తాయి. ఆ నీళ్లు తగలకుండా కాళ్లు బల్ల మీదికి ముడుచుకుని కోతల బాబాయ్ మొదలుపెట్టాడు. ఆయన ఒకప్పుడు సంఘం ఆఫీసులో టైపిస్టు. పాపం, అబద్ధాలాడడు. నిజం పొట్టిగా ఉందనిపిస్తే కాస్త సాగదీస్తాడు, అంతే.

"గొప్ప చెప్పుకోవడం కాదర్రా. ఎన్నికల రూల్లో ఒక్క వాక్యం సరిచేశాను. ఆ రూలు తెలుసుగా? ఒక్కడికే ఓటెయ్యడం కాదు, నచ్చిన వరసలో పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు వెయ్యాలి. ఎవడికీ ఓట్లు సగం దాటకపోతే ఆఖరివాణ్ణి తీసేసి, వాడి ఓటు చీటీలు వాటి మీదున్న రెండో పేరుకి మళ్లించాలి. 'సగమంటే దేంట్లో సగం?' అని పెద్దలంతా బుర్ర గోక్కుంటుంటే నేను లేచి, 'పెట్టెలో పడ్డ మొత్తం చీటీల్లో' అని రాయించాను. చప్పట్లు! కిటికీ అద్దాలు పగిలాయి."

"ఆ గదికి కిటికీలే లేవుగా బాబాయ్," అన్నాడు దర్జీ. ఈయన చెప్పిన రోజుకి ఎవరి బట్టలూ ఇవ్వడు గానీ, ఎదుటివాళ్ల మాటల్లో కుట్లు మాత్రం అప్పటికప్పుడే విప్పుతాడు.

"పగిలాకే తీసేశారు. విను. లెక్క మొదలైంది. గొడుగుల కొట్టాయన పోయాడు, తాళాల మేస్త్రి పోయాడు. సగం జనం ఒక్క పేరు పక్కనే అంకె వేసి ఊరుకున్నారాయె! వాళ్ల మనిషి పోగానే ఆ చీటీలు ఎటూ పోలేక అక్కడే చచ్చాయి. చచ్చినా లెక్కలో ఉంటాయి! నా వాక్యం అలాంటిది మరి. చివరికి పూలకొట్టావిడ ఒక్కతే మిగిలింది. ఎదురు ఎవరూ లేరు, అయినా ఆవిడకీ సగం రాలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలియకేం, ఆవిణ్ణీ తీసేశారు," అంది అక్క, చీపురుతో నీళ్లు బయటికి నెడుతూ.

"అది మీకు తెలిసిన ముక్క. ఆ తర్వాత? సగం వచ్చేదాకా ఆఖరివాణ్ణి తీస్తూనే ఉండాలని కదా రూలు! లెక్కపెట్టే ఆఫీసరుకి ఒక్క ఓటూ లేదు, ఆయన్నీ తీసేశారు. తర్వాత ఆయన కుర్చీ, తర్వాత గోడగడియారం. ఈ సంగతి పై దేశాలకి పాకి, ఒక దేశం వాళ్లు నాకోసం విమానం పంపారు. నాకు నడకే అలవాటని నడిచి వెళ్లాను."

"సముద్రం మీదుగానా?" అన్నాడు దర్జీ.

"అడ్డదారుందిలే. అక్కడ నా రూలు పెట్టగానే మంత్రులు పోయారు, సభ పోయింది, రేవు పోయింది. ఓడలు ఆగే చోటు లేక ఇప్పటికీ గుండ్రంగా తిరుగుతున్నాయి. ఆ దేశం పెద్ద నా కాళ్ల మీద పడి, 'ఒక్క మాట మార్చండి మహానుభావా' అని ఏడ్చాడు. ససేమిరా అన్నాను. రాసిన చెయ్యి ఇది!"

అక్క ఊడవడం ఆపింది. "ఈ చెయ్యేనా?"

"మరి? ఈ చెయ్యే!"

ఆ చేతిలో అక్క పార పెట్టింది. "పూలకొట్టావిడ గెలిస్తే ముందు కాలవే తీయిస్తానంది. ఇంకో గట్టి వాన వస్తే నా పొయ్యి మునుగుతుంది, కొట్టు మూసుకోవాలి. ఆవిణ్ణి ఓడించిన ఆ ముక్క రాసిన మహానుభావుడెవడా అని బజారంతా వెతుకుతున్నాం. దొరికావు. దిగు బాబాయ్."

బాబాయ్ మొహం చల్లారిన టీలా అయింది. "అదేంటే అమ్మాయ్! రాసింది పెద్దలు. నేను మూలన నిలబడి వాళ్లకి టీ అందించానంతే."

"టీ అందించింది నేను. నువ్వు ఆ రోజు ఊళ్లోనే లేవు."

దర్జీ నోట్లో సూది పెట్టుకుని నవ్వాపుకున్నాడు.

"ఊళ్లోనే లేనివాడికి పారెందుకే మరి?" అంటూ బాబాయ్ పార తిరిగివ్వబోయాడు.

అక్క అందుకోలేదు. "చచ్చిన చీటీలు కూడా లెక్కలో ఉంటాయన్నావుగా? నువ్వూ ఉన్నావు. తవ్వు."