ఉప్పు పట్టిన తీగలు

హిందూపురంలోని ఆ ఇంట్లో అన్నం వడ్డిస్తూ తల్లి, పాలిటెక్నిక్ చదివే కూతురిని కసురుకుంటోంది.

"ట్యాంకు సగం కూడా నిండలేదు, మోటారెందుకు ఆపితివి పాపా?"

"నిండిందని అలారం మోగింది కదమ్మా."

"నీళ్లు పైన తీగలకు అందకుండానే మోగిందంటే మీ అన్నే. చనిపోయినా పిలుస్తానే ఉండాడు."

"అన్న చేసిన అలారమే గానీ, పిలిచేది అన్న కాదమ్మా. మనవి ఉప్పునీళ్లు. ట్యాంకులో రెండు తీగల నడుమ ఉప్పు పేరుకొని చెమ్మ పట్టింది. దాంట్లో నుంచి ట్రాన్సిస్టర్‌లో బేస్ అనే కాలికి రవ్వంత కరెంటు పోతే చాలు, కలెక్టర్ అనే ఇంకో కాలిలో దానికి వందరెట్లు పారి బజర్ మోగుతాది."

"అంత రవ్వంతకేనా?"

"అంతే."

"మోగినప్పుడల్లా వాడొచ్చినాడేమోనని నేను వాకిలి తీసి చూస్తాండా. రేపు ఆ ఉప్పు తుడిచెయ్."

కూతురు ముద్ద కలపడం ఆపింది.

"నేనూ కిటికీలో నుంచి చూస్తాండానమ్మా. నేను తుడవను."