గడియ లేని ఇల్లు

ఇంటి వెనక వసారాలో ముసలి వడ్రంగి చెక్కకు చిత్రిక పడుతున్నాడు. కూతురు కొత్త గడియ, నాలుగు స్క్రూలు తెచ్చి అతని బల్ల మీద పెట్టింది.

“ముప్ఫై ఏళ్ళు స్నానాలగది బయట అమ్మ కాపలా నిలబడింది. నీ మూలానే.”

“నిలబడితే నిలబడింది. కాళ్ళేం అరిగిపోలేదుగా.”

“మనిషే పోయింది. ఇప్పుడెవరు నిలబడతారు? నీ మనవరాలికి పదమూడేళ్ళు నాన్నా. గడియ లేని గదిలో నీళ్ళు పోసుకోనంటోంది. వచ్చి రెండు రోజులైంది.”

“తలుపు దగ్గరగా వేసుకోమను.”

“అది వేసినట్టా? గాలికే తెరుచుకుంటుంది. ఊరందరి తలుపులకీ గడియలు బిగిస్తావు, మనింటికొచ్చేసరికి నీకు చేతులు రావు.”

“వాళ్ళ ఇళ్ళు వాళ్ళిష్టం. ఇది నా ఇల్లు.”

“పడగ్గదికి లేదు, వంటింటికి లేదు, ఆఖరికి వీధి తలుపుకీ లేదు. పెళ్ళైన కొత్తలో నీ అల్లుడు తలుపుకి ట్రంకుపెట్టె అడ్డం పెట్టుకుని పడుకున్నాడు. ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు.”

“పళ్ళున్నాయి, నవ్వుతాడు.”

“ఇదిగో నాన్నా, ఆఖరి మాట. ఈ గడియ బిగిస్తే ఉంటాం. లేదంటే సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాం. మళ్ళీ ఈ గుమ్మం తొక్కం.”

“వెళ్ళండి.”

“అంతేనా?”

“అంతే. అది బల్ల మీంచి తియ్. చిత్రికకి తగులుతుంది.”

“యుద్ధంలో నాయనమ్మ పోయిందని తెలుసు. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పోయారు. వాళ్ళందరి ఇళ్ళకీ గడియలున్నాయి.”

“ఆపు.”

“ఆపను. గడియ ఏం చేసింది నిన్ను?”

“అదేం చేస్తుంది? వేసింది నేను.”

“ఎక్కడ?”

“నేలమాళిగలో. ఎనిమిదేళ్ళు నాకు. మీ నాయనమ్మ నీళ్ళకి వెళ్తూ లోపల గడియ వేసుకోమనేది. గోటితో మూడుసార్లు గీకితేనే తియ్యి, ఊరికే పిలిస్తే నేనైనా సరే తియ్యకు, నా వెనక తుపాకీ పట్టుకుని ఎవడున్నాడో నీకేం తెలుసు, అనేది.”

“మరి?”

“పరీక్షలు పెట్టేది. బయట నిలబడి ఏడుపు గొంతుతో పిలిచేది. తీస్తే చెంప పగిలేది. రెండుసార్లు తిన్నాను.”

“తర్వాత?”

“బాంబులు పడ్డ రోజు వచ్చి పిలిచింది. చాలాసేపు పిలిచింది. పరీక్షే అనుకున్నాను. ఈసారి నేనే నెగ్గానని లోపల కూర్చుని నవ్వుకున్నాను.”

“గీకలేదా?”

“లేదు.”

“ఎందుకు నాన్నా? గీకితే తీసేవాడివని తనకి తెలుసుగా?”

“తెలుసు. పక్కింటివాళ్ళు తలుపు పగలగొట్టాక చూశాను. గీకడానికి రెండు చేతులూ లేవు.”

“…అమ్మకి చెప్పావా?”

“మీ అమ్మ అడగలేదు. అడక్కుండానే గుమ్మం దగ్గర నిలబడింది. ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వు. బిగిస్తాను, పిల్లని నీళ్ళు పోసుకోమను. ఈ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తకు. నేనూ చచ్చేదాకా ఎత్తను.”