గాలికి తెలిసిన సంగతి

ప్రయోగశాలలో గొట్టంలోంచి గాలి తోడేసే పంపు ఆపి, పరిశోధక విద్యార్థిని తన ప్రొఫెసర్ వైపు తిరిగింది.

"మన శాఖలో ఆ లెక్చరర్ ఉద్యోగం నాకా, మీ అల్లుడికా సార్?"

"ఇంకా తేలలేదమ్మా. నేను సంతకం పెట్టేదాకా ఇద్దరికీ అవకాశం ఉన్నట్టే."

"మన గొట్టంలోకి కాస్త గాలి దూరితే, ఒకేసారి రెండు దారుల్లోనూ వెళ్లే అణువు ఒక్క దారికే ఎందుకు పరిమితమవుతుంది సార్?"

"ఏ దారిన పోయిందో గాలికి తెలిసిపోతుంది గనక. మనం చూడక్కర్లేదు. ఎప్పుడూ గాలి తగిలే కుర్చీలూ బల్లలూ ఒకేసారి రెండుచోట్ల కాక ఒక్కచోటే ఉండేది అందుకేగా! ఆరేళ్లుగా చెబుతున్నాను కదమ్మా."

"పొద్దున పంపు మెకానిక్ మీ అల్లుడికి శుభాకాంక్షలు చెప్పాడు. వాచ్‌మన్ కూడా. ఆ ఉద్యోగానికిచ్చే గదిలో కుర్చీ ఎత్తు ఆయనకు సరిపడా మార్చేశారు."

"వాళ్లకేం తెలుసమ్మా..."

"గాలికి కూడా తెలిసిపోయింది సార్. తెలియనిది నాకొక్కదానికే."