ఎల్లస్వామి సచ్చిన వారం

గా ఫొటోల ఎవరా? పెద్ద మీసాలోడు ఎల్లస్వామి. పక్కన నల్ల ముసుగేస్కున్నోన్ని నేను. నవ్వకు రాకేశ్, గా ముసుగును జూసి మస్తుమంది పోరగాండ్లు లాగులు తడుపుకున్నరు. అప్పుడు పట్నం గిటు మన ఇబ్రహీంపట్నం దిక్కు ఉరికొస్తుండె, ఏడ జూసినా వెంచర్లే. ప్లాట్లు అమ్మెటోళ్లు జనాన్ని జమజెయ్యనీకి మాతోని ఐతారం ఐతారం కుస్తీలు పెట్టిచ్చిర్రు. అసలు కుస్తీ గాదు బిడ్డ, టీవీల జూపెట్టె తీరు. ఎవడు గెలవాల్నో, ఎవడు పడాల్నో ముందుగాలనే అనుకునుడు. కథలన్నీ నేనే కట్టేది. నాకు సంతకం సక్కగ రాదు గని, కథ కట్టుడుల నన్ను మించినోడు లేకుండె.

అటు తుర్కయాంజాల్ల అమరేందర్ గాడు గూడ కుస్తీలు షురూ జేసిండు. వాని పేరు తీస్తే ఇప్పటికీ నోరు చేదైతది. మా జనమంత వానిదిక్కు మళ్లుతుంటే, నేనొక కథ కట్టిన. నేను కుర్చీతోని కొడత, ఎల్లస్వామి పడతడు, సచ్చిండని మైకుల జెప్తం. మల్లా ఐతారం రింగు కిందికెల్లి లేసొస్తడు. ఎట్లుంది?

అనుకున్నట్టే నేను కొట్టిన, వాడు పడ్డడు. వాన్ని మహేశ్వరంల వాని మేనత్త ఇంట్ల దాపెట్టినం. ఈడ ముసుగుల ఉన్నది నేనేనని అందరికి ఎరుకే, సంపినోడినని హోటల్ల నాకు చాయ్ గూడ పోస్తలేరు. మస్తు ఖుషీ నాకు. గని వాని పెండ్లాం రుక్మాబాయి ఉన్నది జూడు. వారం రోజులు బొట్టు తుడుసుకో చెల్లె, గాజులు తీసెయ్యి అని బతిమాలిన. 'మీ కథ మీరు రింగుల జూస్కోండ్రి, నా నొసటి మీదికి తేకుండ్రి' అన్నది. అని ఊకున్నదా? రూపాయి బిళ్లంత బొట్టు వెట్టుకొని, తలనిండ పూలు వెట్టుకొని, అంగట్ల తమాటలు బేరం జేసింది. ఇంకేముంది, ఊరంత తెల్సిపాయె. అమరేందర్ గాడు మైకుల ఒకటే మొత్తుకునుడు, ఇబ్రహీంపట్నంల పీనుగు పెండ్లాం పూలు వెట్టుకున్నదంట, పోయి సూసి రాండ్రి అని.

ఐతారం ఎవడొస్తడని నేను తల వట్టుకున్న. ఒచ్చిర్రు బిడ్డ. నిలవడనీకి జాగ లేదు. అమరేందర్ మనుషులు గూడ ఒచ్చిర్రు. ఎల్లస్వామి కిందికెల్లి లేస్తే వాన్నెవడూ సూడలే, అందరు రుక్మాబాయి, రుక్మాబాయి అని ఒర్రుడే. ఆమెను ఎత్తి రింగుల నిలవెట్టిర్రు. ఆమె నా ముసుగు గుంజి పారేసి, మొగని చెవు వట్టుకొని ఇంటికి నడువన్నది. జనం ఎగురుడే ఎగురుడు. కథ నాది, చప్పట్లు ఆమెకు. గిప్పటికీ జెప్త, ఆ బొట్టు తీసుంటే ఇంకింత మజా ఉండేది.

ఎల్లస్వామా? కొన్నేండ్లకు నిజంగనే పోయిండు, దవాఖానల. శవాన్ని వాకిట్ల దింపినంక ఆడోళ్లు గాజులు తియ్యనీకి ఒస్తే, రుక్మాబాయి చేతులు ఎనుకకు వెట్టుకున్నది. నాదిక్కు జూసి, 'ఐతారం దాకా ఆగు మల్లేశన్నా' అన్నది.

ఆ ఫొటో మేకుకు తగిలియ్యి. వంకర వెట్టకు.